జీన్ రిపోర్టులో ఉన్నదీ లేనిదీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

వంశపారంపర్యంగా వచ్చే మెదడు జబ్బులకు ఏ జన్యువు కారణమో వెతకడం నా పని. రిపోర్టు చేతికొచ్చాక కుటుంబాలు పడే టెన్షన్‌లో సగం ఈ అపోహల వల్లే.

అపోహ: మా వంశంలో ఎవరికీ లేదు, కాబట్టి ఇది జన్యువుల జబ్బు కాదు.

తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉంటూనే, ఒక జన్యువుకు ఉండే రెండు కాపీల్లో లోపమున్నది చెరొకటి మోస్తుండొచ్చు. ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బు అలాగే వస్తుంది. ప్రతి కాన్పులోనూ ఆ రెండు లోపమున్న కాపీలూ అంది బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇక పసివయసులోనే తీవ్రమైన ఫిట్స్‌తో మొదలయ్యే డ్రావే సిండ్రోమ్‌లో, ఎస్‌సీఎన్1ఏ జన్యువులోని మార్పు ఎక్కువమందిలో కొత్తగా పుట్టిందే. అమ్మ వైపా, నాన్న వైపా అన్న గొడవ అక్కడ దండగ.

అపోహ: ఎక్సోమ్ టెస్టులో ఏమీ రాలేదంటే జన్యులోపం లేనట్టే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎక్సోమ్‌లో చదివేది ప్రధానంగా ప్రొటీన్లకు సంబంధించిన భాగాన్నే, అంటే మన మొత్తం డీఎన్‌ఏ (జీనోమ్)లో 1–2 శాతం. అదీ చిన్న చిన్న ముక్కలుగా. మెదడు కణాలు క్రమంగా దెబ్బతినే హంటింగ్టన్ జబ్బులోనూ, నడక తూలే జబ్బులైన అటాక్సియాల్లో చాలావాటిలోనూ అసలు లోపం కొన్ని డీఎన్‌ఏ అక్షరాలు అదే వరసలో మళ్లీ మళ్లీ రావడం. హంటింగ్టన్‌లో సీఏజీ అనే మూడక్షరాల వరస 40 సార్లో అంతకు మించో వస్తే జబ్బు ఖాయం. చిన్న ముక్కలతో ఆ లెక్క సరిగా తేలదు, వేరే టెస్టు చేయాలి. ఆర్ఎఫ్‌సీ1 జన్యువులోని ఇలాంటి లోపమైతే ప్రొటీన్‌కు కోడ్ కాని ఇంట్రాన్ భాగంలో దాక్కుని, 2019లో గానీ బయటపడలేదు. అంతకుముందు నడక తూలుతూ, స్పర్శ తగ్గుతూ వచ్చినవాళ్లలో చాలామందికి కారణం తెలియకుండానే పోయింది. అందుకే పాత డేటాను కొన్నేళ్లకోసారి మళ్లీ విశ్లేషించమని అడగండి. చాలాసార్లు మళ్లీ రక్తం ఇవ్వక్కర్లేదు కూడా.

అపోహ: రిపోర్టులో మార్పు కనిపిస్తే కారణం దొరికినట్టే.

'వీయూఎస్' అని ఉంటే, ఆ మార్పు హానికరమో కాదో ఇంకా తేలలేదని అర్థం. జబ్బున్న బంధువులందరిలో అది ఉందా, లేనివాళ్లలోనూ ఉందా అని చూడాలి. "నాకేం జబ్బు లేదు, నా రక్తమెందుకు?" అని పెద్దవాళ్లు విసుక్కుంటారు గానీ, ఒక్కోసారి చిక్కుముడి విడేది వాళ్ల శాంపిల్‌తోనే.

అపోహ: కారణం తెలిసినా చేసేదేమీ లేదు.

చాలా జబ్బులకు ఇది నిజమే, దాచను. కానీ విల్సన్‌లో ఒంట్లో పేరుకున్న రాగిని తగ్గించే మందులున్నాయి. మెదడుకు గ్లూకోజ్ సరిగా అందని గ్లూట్1 లోపంలో, కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు చాలా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారంతో ఫిట్స్ తగ్గొచ్చు. డ్రావే అని తేలితే కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందును డాక్టర్లు సాధారణంగా వాడరు, అది ఫిట్స్‌ను పెంచొచ్చు.