"అగ్రిమెంట్‌లో రాసుంది కదా సార్!": టెక్ కంపెనీల చట్టాలపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో చిన్న, మధ్యస్థాయి టెక్ కంపెనీలకు ఒప్పందాలు రాసివ్వడం, వాళ్లు తెచ్చినవి చూసిపెట్టడం నా పని. గొడవ ఏదైనా, క్లయింట్లు ముందుగా అనే మాట ఒకటే: "అగ్రిమెంట్‌లో రాసుంది కదా సార్!" రాసుకున్నా చెల్లనివి కొన్ని ఉంటాయి, రాయకపోయినా మెడకు చుట్టుకునేవి కొన్ని. ఈ మధ్య నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నవి ఇవి.

అపోహ: మానేశాక ఏడాదిపాటు పోటీ కంపెనీలో చేరనని ఉద్యోగి సంతకం పెట్టాడు, కాబట్టి ఆపొచ్చు.

ఆపలేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం, మనిషిని చట్టబద్ధమైన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. గుడ్‌విల్‌తో (వ్యాపారానికున్న మంచిపేరుతో) సహా వ్యాపారాన్ని అమ్మేసినవారి విషయంలోనే మినహాయింపు ఉంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరేచోట పనిచేయొద్దనే షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1967లోనే గోలికరి కేసులో చెప్పింది. మానేశాక మాత్రం కాదు. ఏడాదిని ఆరు నెలలు చేసినా, "హైదరాబాద్‌లో మాత్రమే" అని కుదించినా ఫలితం అదే. అయినా ప్రతి ఆఫర్ లెటర్‌లోనూ ఈ క్లాజ్ కనపడుతుంది. కుర్రాళ్లను భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదని నా అభిప్రాయం.

పనికొచ్చేది గోప్యత క్లాజ్. మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. లా కమిషన్ 2024లో తన 289వ నివేదికలో ముసాయిదా బిల్లు మాత్రం ఇచ్చింది. కాబట్టి భారమంతా ఒప్పందం మీదే పడుతుంది. "కంపెనీకి సంబంధించిన సమస్త సమాచారం రహస్యమే" అని రాస్తే కోర్టులో ఏది రహస్యమో చూపించలేక ఇబ్బంది పడతారు. కస్టమర్ల జాబితా, ధరల షీటు, ఫలానా రిపాజిటరీ (కోడ్ దాచే చోటు) అని పేరుపెట్టి రాయండి. అవి ఎవరెవరికి అందుబాటులో ఉన్నాయో లాగ్‌లు ఉంచుకోండి.

దీనికి తలకిందులు అపోహ ఉద్యోగుల్లో ఉంది: బాండ్లేవీ చెల్లవని. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల కనీస సర్వీసు, ముందే మానేస్తే 2 లక్షల రూపాయలు అన్న బాండును సమర్థించింది. అది ఉద్యోగకాలానికి సంబంధించిన షరతే గానీ ఆ తర్వాతి ఉపాధికి అడ్డు కాదంది. అయితే అక్కడ ఉన్నది ప్రభుత్వరంగ బ్యాంకు. ఖాళీ పడితే మళ్లీ బహిరంగ నియామకం జరపాలి, దానికి ఖర్చవుతుంది. మీరు రెండు వారాలు యూట్యూబ్ వీడియోలు చూపించి "ట్రైనింగ్ ఖర్చు 5 లక్షలు" అంటే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 అడ్డొస్తుంది. సహేతుకమైన పరిహారమే ఇప్పిస్తారు, రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోమని మాత్రం నేను ఏ క్లయింటుకూ చెప్పను. అడిగినా చెప్పను.

అపోహ: ఫ్రీలాన్సర్‌కి డబ్బులిచ్చేశాం, కోడ్ మాదే.

కంపెనీల విలువ నిజంగా దెబ్బతినేది ఇక్కడే. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, ఉద్యోగి విధుల్లో భాగంగా రాసిన కోడ్ యజమానిది. ఫ్రీలాన్సర్ రాసినది మాత్రం అతనిదే. ఇన్‌వాయిస్ కట్టినంత మాత్రాన హక్కు మారదు, రాతపూర్వకంగా సంతకంతో బదిలీ జరగాలి. ఆ పత్రంలో కూడా సెక్షన్ 19 చేసే చిక్కులున్నాయి. కాలం రాయకపోతే అయిదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కులు తీసుకుని ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే, ఆ మేరకు బదిలీ రద్దయినట్టే. అమెరికాలో కస్టమర్లున్న కంపెనీకి ఈ మూడూ ప్రాణం మీదికి తెచ్చేవే.

నెట్‌లో దొరికిన అమెరికా నమూనా తెచ్చి "వర్క్ మేడ్ ఫర్ హైర్" (చేసిన పని చేయించుకున్నవాళ్లదే) అని రాసుకుంటారు. అది వాళ్ల చట్టంలోని ఏర్పాటు, మనకు పనిచేయదు. ఇన్వెస్టర్ తరఫు లాయరు డ్యూ డిలిజెన్స్‌లో (పెట్టుబడికి ముందు చేసే తనిఖీలో) మొదట అడిగేది ఈ బదిలీ పత్రాలే. అప్పుడు పాత ఫ్రీలాన్సర్‌ని వెతుక్కుంటూ వెళ్తే అతను ధర చెప్తాడు, చెప్పకేం!

ఫౌండర్లకు ఇంకో మాట. పాత ఉద్యోగంలో ఉండగా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాత్రిళ్లు రాసిన మొదటి వెర్షన్ మీద ఆ పాత కంపెనీ హక్కు అడగొచ్చు. రాజీనామా తేదీకి ముందు, తర్వాత ఏ కమిట్ (కోడ్ మార్పు నమోదు) ఎప్పుడు పడిందో ఫండింగ్‌కి ముందే చూసుకోండి.

అపోహ: డేటా అంతా క్లౌడ్ కంపెనీ దగ్గరుంది, లీకైతే బాధ్యత వాళ్లదని ఒప్పందంలో ఉంది.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దీన్ని సూటిగా కొట్టేసింది. ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే, మీ తరఫున ఇంకొకరు డేటాను చూస్తున్నా జవాబుదారీ మీరే. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల వరకు ఉండొచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. "ఇంకా టైముంది" అంటున్నవారికి గుర్తుచేస్తున్నా: సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలన్న 2022 ఆదేశం ఇప్పటికే అమల్లో ఉంది.

"అపాయింట్‌మెంట్ లెటర్‌లో అన్నిటికీ సమ్మతి తీసేసుకున్నాం" అనేది కూడా ఉత్త మాటే. ఈ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఉద్యోగ అవసరాలకు, ఉదాహరణకు జీతం వేయడానికి, అసలు సమ్మతే అక్కర్లేదు. ఉద్యోగి ఫొటోను ప్రకటనలో వాడటం వేరే కథ. అభ్యర్థుల రెజ్యూమెలను హెచ్‌ఆర్‌వాళ్లు వ్యక్తిగత అకౌంట్లతో ఏఐ చాట్‌బాట్‌లలో పేస్ట్ చేస్తున్నారేమో కూడా కనుక్కోండి. నేను ఇప్పుడు ఏ కంపెనీకి వెళ్లినా అడిగేది అదే.

అపోహ: కాంపిటీషన్ చట్టం (మార్కెట్‌లో పోటీని కాపాడే చట్టం) గూగుల్, మెటాలకే.

వాళ్లకు పెద్ద జరిమానాలు పడ్డాయి, నిజమే. గూగుల్‌కు 2022లో 1,337.76 కోట్లు. వాట్సాప్ ప్రైవసీ పాలసీ విషయంలో మెటాకు 2024లో 213.14 కోట్లు. అయితే కుమ్మక్కు విషయంలో చిన్నవాళ్లకు మినహాయింపు లేదు, మందుల షాపుల సంఘాలకే కాంపిటీషన్ కమిషన్ (సీసీఐ) జరిమానాలు వేసింది. పైగా ఈ చట్టంలో "ఒప్పందం" అంటే కాగితమే ఉండక్కర్లేదు, నోటిమాట అవగాహన కూడా వస్తుంది. నాలుగు కంపెనీల హెచ్‌ఆర్‌లు వాట్సాప్ గ్రూపులో "మీవాళ్లను మేం తీసుకోం, మావాళ్లను మీరు తీసుకోకండి" అనుకోవడం, వచ్చే ఏడాది హైక్ ఎంతో ముందే పంచుకోవడం సరదా కబుర్లు కావు. అమెరికాలో ఇలాంటి అవగాహనల మీద వేసిన కేసులో ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ కలిసి ఉద్యోగులకు 41.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడ్డాయి. ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేయండి.

అపోహ: మాకు ఆఫీసే లేదు, అంతా ఇంటి నుంచే, కాబట్టి పోష్ కమిటీ (పనిచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీ) అక్కర్లేదు.

పదిమంది ఉద్యోగులుంటే కావాలి, వాళ్లు ఎక్కడ కూర్చున్నా సరే. వీడియో కాల్‌లో, రాత్రి పదకొండింటికి పంపిన మెసేజ్‌లో జరిగిన వేధింపు కూడా ఫిర్యాదే అవుతుంది. కమిటీ లేకపోతే 50 వేల వరకు జరిమానా. పదిమంది కంటే తక్కువున్నచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంటుంది.

అపోహ: స్క్రీన్‌షాట్ ఉంది చాలు.

ఈమెయిల్, చాట్ ద్వారా కుదిరిన ఒప్పందం చెల్లుతుంది, సందేహం లేదు. రుజువు చేయడమే కష్టం. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతికి హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తుతో) కూడిన సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఒక భాగం నిపుణుడు నింపాలి. అసలు మెసేజ్ ఉన్న ఫోన్ లేకపోతే ఇది మరీ తలనొప్పి. కాబట్టి గొడవ మొదలైందని తెలిశాక ఆ ఫోన్‌ని ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో ఇచ్చేయకండి, డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఆరోజే ఆఫ్ చేయండి.