బ్యాకప్‌లోని బైనరీ లాగ్‌ను చదవడం: అపోహలు - వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక సంస్థకు విజయవాడ నుంచే డేటాబేస్ పనులు చూసిపెడుతూ ఉంటాను. యార్డుకు సరుకు పోటెత్తే మార్చి నెలలో ఒకనాటి మధ్యాహ్నం వారి నుంచి ఫోన్ వచ్చింది: కోల్డ్ స్టోరేజీలలో నిల్వ ఉన్న టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క అన్ని చోట్లా సున్నా చూపిస్తోందట. ఏ రికార్డులను మార్చాలో చెప్పే ‘వేర్’ షరతు రాయడం మరచిపోయి ఎవరో నడిపిన ఒకే ఒక్క అప్‌డేట్ ఆదేశం ఆ పట్టికలోని రికార్డులన్నింటినీ మార్చివేసింది. వారి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో జరిగే మార్పులన్నీ వరుసగా నమోదయ్యే, బ్యాకప్‌లో దాచిన బైనరీ లాగ్ ఫైళ్లను మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ అనే కమాండ్ లైన్ పరికరంతో తెరిచి, పాత అంకెలు వెతికి పట్టుకుని లెక్కలను సరిచేశాము. ఆ రోజు ఎదురైన అపోహలను ఇక్కడ రాస్తున్నాను. వాటిలో ఒకటి నాదే.

అపోహ: లాగ్ చూడాలంటే సర్వర్ నడుస్తూ ఉండాలి, చూసేటప్పుడు ఫైలు పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

వాస్తవం: డిస్కు మీద ఉన్న లాగ్ ఫైలును ఈ పరికరం చదువుతుందే తప్ప మార్చదు. సర్వర్ ఆగిపోయి ఉన్నా పని జరుగుతుంది, నకలును మీ ల్యాప్‌టాప్‌కు తెచ్చుకుని కూడా చదువుకోవచ్చు. అయితే మైఎస్‌క్యూఎల్ 8.0.14 వెర్షన్‌తో వచ్చిన బైనరీ లాగ్ ఎన్‌క్రిప్షన్‌ను (ఫైలును రహస్య సంకేత రూపంలో దాచడాన్ని) ఆన్ చేసి ఉంటే ఫైలును నేరుగా చదవడం కుదరదు. అప్పుడు మాత్రం నడుస్తున్న సర్వర్‌నే అడిగి తెప్పించుకోవాలి.

అపోహ: పొరపాటు 11 గంటల 40 నిమిషాలకు జరిగిందన్నారు కనుక, లాగ్‌ను ఏ సమయం నుంచి చదవాలో చెప్పే ‘స్టార్ట్ డేట్‌టైమ్’ ఆప్షన్‌కు ఆ సమయమే ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: నాది అన్నది ఇదే. వారి సర్వర్ క్లౌడ్‌లో ఉంది, దాని గడియారం మన సమయానికి అయిదున్నర గంటలు వెనక నడిచే యూటీసీలో ఉంది. మీరిచ్చే సమయాన్ని ఈ పరికరం తాను నడుస్తున్న యంత్రపు టైమ్‌జోన్ ప్రకారమే అర్థం చేసుకుంటుంది కనుక, సర్వర్‌లోకి లాగిన్ అయి నేను ఇచ్చిన 11:40 మన లెక్కలో సాయంత్రం 5:10 అయింది. ఆ సమయం ఇంకా రానే లేదు కాబట్టి తెర మీద ఏమీ కనిపించలేదు, లాగ్ తెగిపోయిందేమోనని ఓ పావుగంట చెమటలు పట్టాయి. నిజానికి ఇవ్వవలసింది 06:10. అదే ఫైలును విజయవాడలోని నా ల్యాప్‌టాప్‌లో తెరిస్తే 11:40 అనే కనిపించింది. ఫైలు లోపల ఉండేది 1970 నుంచి లెక్కించిన సెకన్ల అంకె, అది ఎక్కడ తెరిచినా మారదు, మారేది దాన్ని తేదీగా చూపించే తీరు. అదీగాక యార్డులో వేలం ముగిసే వేళ ఒక్క సెకనులోనే ఎన్నో లావాదేవీలు నమోదు కావచ్చు. అందుకే సమయంతో సుమారైన చోటు పట్టుకున్న తర్వాత, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఫైలులో ప్రతి నమోదు ఉన్న చోటును తెలిపే పొజిషన్ అంకెలతోనే నిర్ణయించాలి.

అపోహ: తెర మీద చదవడానికి వీలుగా వచ్చినదాన్నే ఫైలులో దాచి, మళ్లీ డేటాబేస్‌లోకి నడిపించవచ్చు.

వాస్తవం: అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదేనని నా అభిప్రాయం. 5.7.7 నుంచి రో ఫార్మాట్ డిఫాల్ట్‌గా ఉంది, అంటే లాగ్‌లో మీరు రాసిన ఎస్‌క్యూఎల్ వాక్యం కాక, మారిన ప్రతి రికార్డూ విడివిడిగా బేస్64 అనే సంకేత రూపంలో, చదవడానికి వీలులేని అక్షరాల ముద్దలా కనిపిస్తుంది. ‘వెర్బోస్’ అనే ఆప్షన్ ఇస్తే దాని కింద మూడు హ్యాష్ గుర్తులతో మొదలయ్యే పంక్తులలో అర్థమయ్యే రూపం వస్తుంది. ‘డీకోడ్ రోస్’ కూడా ఇస్తే ఆ ముద్ద పూర్తిగా మాయమై, చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆ హ్యాష్ పంక్తులు కేవలం వ్యాఖ్యలు, సర్వర్ వాటిని పట్టించుకోదు, అసలు మార్పులు ఉన్నది తీసేసిన ముద్దలోనే. అలాంటి ఫైలును నడిపిస్తే ఎర్రర్ రాదు, ఒక్క రికార్డూ మారదు, పని అయిపోయిందని మనం మాత్రం నమ్ముతాము.

ఆ పంక్తులలో కాలమ్‌ల పేర్లకు బదులు @1, @2 అనే గుర్తులుంటాయి కనుక పట్టిక నిర్మాణాన్ని పక్కన పెట్టుకుని చదవాలి. ప్రతి రికార్డునూ ఎంత మేరకు నమోదు చేయాలో చెప్పే రో ఇమేజ్ సెట్టింగ్ ‘ఫుల్’గా ఉంటే అప్‌డేట్‌లో ‘వేర్’ భాగం పాత విలువలనూ, ‘సెట్’ భాగం కొత్త విలువలనూ చూపిస్తుంది. మా టిక్కీల లెక్క దొరికింది ఆ ‘వేర్’ భాగంలోనే. వాటితో తిరగేసిన అప్‌డేట్‌లు తయారుచేసుకున్నాము, అయితే 11:40 తర్వాత స్టోరేజీల నుంచి బయటికి వెళ్లిన సరుకును విడిగా తీసివేసుకోవలసి వచ్చింది.

అపోహ: లాగ్‌లు ఉంటే పూర్తి బ్యాకప్ అక్కర్లేదు.

వాస్తవం: పట్టికను ఖాళీ చేసే ట్రంకేట్, పట్టికనే తీసేసే డ్రాప్ వంటివి లాగ్‌లో వాక్యంగానే పడతాయి, పోయిన రికార్డులు వాటితోపాటు ఉండవు. పైగా 8.0లో లాగ్ ఫైళ్ల డిఫాల్ట్ ఆయుష్షు 25,92,000 సెకన్లు, అంటే 30 రోజులు. పూర్తి బ్యాకప్‌తో మొదలుపెట్టి, అది ఆగిన పొజిషన్ నుంచి ఒక్క ఫైలూ వదలకుండా లాగ్‌లను అన్వయించాలి. ఆ ఫైళ్లన్నింటి పేర్లూ ఒకే కమాండ్‌లో ఇవ్వాలి. ఒక్కొక్కదాన్నీ వేరే కనెక్షన్‌తో నడిపితే, మొదటి ఫైలులో సృష్టించిన తాత్కాలిక పట్టిక రెండో ఫైలుకు అందదు.

అపోహ: “చేసినవాడి పేరు అందులో పడి ఉంటుంది కదండీ?”

వాస్తవం: యజమాని నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది, అప్పటికే ఒక గుమాస్తా మీద ఆయనకు అనుమానం ఉంది. లాగ్‌లో మాకు దొరికింది సర్వర్ ఐడీ, సమయం, కనెక్షన్‌కు ఇచ్చిన థ్రెడ్ ఐడీ మాత్రమే. ఆ థ్రెడ్ ఎవరిదో తెలియాలంటే ఎవరు ఏ ఆదేశం ఇచ్చారో రాసుకునే జనరల్ లాగ్ గానీ ఆడిట్ లాగ్ గానీ అప్పటికే ఆన్ చేసి ఉండాలి. అక్కడ రెండూ లేవు, పైగా కౌంటర్‌లోని అయిదు కంప్యూటర్లూ ఒకే యూజర్ పేరుతో లాగిన్ అవుతున్నాయి. ఆ మాటే యజమానికి రాతపూర్వకంగా ఇచ్చి, గుమాస్తా పేరు నా నివేదికలో ఎక్కడా రాయలేదు.