గోడ కంటే మెత్తటి సున్నం: పిల్లలకు ఓ ఉత్తరం

పిల్లలూ,

పోయిన డిసెంబరులో అమెరికాలో జార్జియా తీరాన ఉన్న సవానా ఊరు వెళ్ళినప్పుడు మీలో చిన్నవాడు ఒక గోడ దగ్గర ఆగిపోయి, ఇటుకల సందులో వేలు పెట్టి రుద్ది, అంటుకున్న తెల్లటి ఇసుక నాకు చూపించి "తాతయ్యా, ఇది రాలిపోతోంది, సిమెంటు పెట్టొచ్చుగా" అన్నాడు, గుర్తుందా? పార్కింగ్ టైమ్ అయిపోతోందని మీ అమ్మ కంగారు పెట్టడంతో అప్పుడు జవాబు చెప్పలేదు. అయినా అది రోడ్డు మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు. నాకే ఆ సంగతి తెలియడానికి ఉద్యోగంలో ఏడెనిమిదేళ్ళు పట్టింది, అదీ ఒకాయన డబ్బులు పాడుచేశాక. అందుకే కూర్చుని రాస్తున్నా. తెనాలిలో ఉన్న మనవలు కూడా చదవండి, మీ ఊరి సంగతీ ఇందులో వస్తుంది.

ముందు సున్నం గురించి. జార్జియా సముద్రతీరంలో సున్నపురాయి దొరకదు. 1733లో ఓగల్‌థార్ప్ అనే ఇంగ్లిషాయన మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి సవానా ఊరికి ముగ్గు పోశాక, ఆ తీరంలో ఇళ్ళు కట్టేవాళ్ళు సున్నం కోసం ఆయిస్టరు గుల్లల్ని పట్టుకున్నారు. అక్కడి ఆదివాసులు వందల ఏళ్ళుగా తిని పారేసిన గుల్లలు గుట్టలుగా ఉండేవి. వాటిని కాల్చి, నీళ్ళు పోసి, ఇసుక కలిపితే ఇటుకల మధ్య కూరే మాలు. ఇంకా కొన్ని గుల్లలు అలాగే వేసి పోత పోస్తే గోడ, దాన్ని వాళ్ళు టాబీ అంటారు. మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మన గుల్ల సున్నమే కదా ఇది! మా తాతగారి మిద్దె కట్టినప్పుడు పెరట్లో గుండ్రంగా కందకం తవ్వి, రాతి చక్రానికి ఎద్దుల్ని కట్టి, సున్నం, ఇసుక కలిపి రోజుల తరబడి తిప్పేవారట. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కూడా పోసేవారట. దాన్ని డంగు సున్నం అనేవాళ్ళు. బెల్లం నిజంగా సున్నంలోకే వెళ్ళిందా, పిల్లల నోట్లోకి వెళ్ళిందా అని మా నాయనమ్మ దెప్పుతుండేది. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగి, ఇంజనీరింగ్ చదివి, సిమెంటు తప్ప మిగతాదంతా పాతకాలపు చాదస్తం అనుకుంటూ నేను అమెరికాలో దిగాను.

ఇక నా తప్పు. జార్జియాలో 159 కౌంటీలున్నాయి, ప్రతి కౌంటీకీ ఒక కోర్టు. చాలాచోట్ల ఆ కోర్టు ఊరి నడిబొడ్డున ఉంటే, దాని చుట్టూ నాలుగు వైపులా రెండంతస్తుల ఇటుక దుకాణాలుంటాయి. కింద షాపు, పైన ఆఫీసో కాపురమో. అలాంటి ఒక చిన్న ఊళ్ళో మూలమీద ఉన్న దుకాణానికి రిపేరు డ్రాయింగులు నా చేతికొచ్చాయి. 1890ల నాటి బిల్డింగ్. సందుల్లో సున్నం అచ్చం మీరు చూసినట్టే రాలుతోంది. నేనేం చేశానంటే, రాలేదాన్నంతా గ్రైండరుతో గీకేసి గట్టి సిమెంటు మాలు కూరమని రాసిచ్చాను. ఎంత గట్టిది అంటే, ఈ దేశంలో మాలును బలాన్ని బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు, ఎం, ఎస్, ఎన్, ఓ, కే అని రకాలుగా విభజించారు ("మేసన్ వర్క్" అనే మాటను ఇంగ్లిషులో రాసి ఒకటి విడిచి ఒకటి అక్షరం చదవండి, ఇవే వస్తాయి, నమ్మకపోతే కాగితం తీసుకోండి). ఎం రకం చదరపు అంగుళానికి 2,500 పౌన్ల బరువు మోయాలి, ఓ రకం 350 మోస్తే చాలు. ఆ గోడకు నిజానికి ఓ రకం కూడా ఎక్కువే. నేను మాత్రం గట్టిదైతే మంచిదేగా అని ఎస్ రాశాను. పని పూర్తయిన రోజు గోడ కొత్త పెళ్ళికొడుకులా ఉంది. ఓనరు మా అందరికీ భోజనం కూడా పెట్టించాడు.

అయిదు చలికాలాలు గడిచాయి. ఓనరు ఫోన్ చేసి ఒకసారి వచ్చి చూడమన్నాడు, గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. వెళ్ళి చూస్తే ఫుట్‌పాత్ మీద ఎర్రటి పొడి, అందులో పల్చటి పెంకులు. ఇటుకల ముఖాలు ఊడిపోయి లోపలికి గుంటలు పడ్డాయి. నేను పెట్టించిన సిమెంటు గీతలు మాత్రం తేనెపట్టు గదుల అంచుల్లా చెక్కుచెదరకుండా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆయన వెంట ఒక ముసలి నల్లజాతి మేస్త్రి వచ్చాడు. నాతో ఒక్క మాటా అనకుండా జేబులోంచి మేకు తీసి ఇటుక మీద గీశాడు, సుద్దముక్క మీద గీసినట్టు దిగింది. నా సిమెంటు మీద గీశాడు, జర్రున జారిపోయింది. అంతే, మేకు జేబులో పెట్టేసుకున్నాడు. నలభై ఏళ్ళ సర్వీసులో నాకు అంత చిన్న పాఠం, అంత గట్టిగా ఇంకెవరూ చెప్పలేదు.

జరిగింది ఇది. ఇటుక గోడలోకి వాన తడి పోతుంది, పోకుండా ఆపడం ఎవరివల్లా కాదు. పోయిన తడి మళ్ళీ బయటికి రావాలి. సున్నం సందు మెత్తగా, గాలి ఆడేలా ఉంటుంది కాబట్టి చెమ్మ దాని గుండా వచ్చేస్తుంది, వస్తూ వస్తూ ఉప్పును కూడా అక్కడే వదులుతుంది, కాలక్రమంలో ఆ సందే రాలుతుంది. రాలితే ఏం, యాభై అరవై ఏళ్ళకోసారి మళ్ళీ కూరుకోవచ్చు. సందును సిమెంటుతో మూసేస్తే చెమ్మకు వేరే దారిలేక ఇటుకలోంచి వస్తుంది, ఉప్పు ఇటుక ముఖం వెనకే గడ్డకడుతుంది, చలికి ఆ చెమ్మే మంచై ఉబ్బుతుంది, ముఖం ఊడుతుంది. అప్పటి ఇటుక బట్టీలో బయట మాత్రమే బాగా కాలి లోపల మెత్తగా ఉండేది, పైపెచ్చు పోతే ఇక దానికి దిక్కులేదు. ఇంట్లో కరెంటు ఎక్కువైతే ఏది కాలాలి, ఫ్యూజా, ఫ్రిజ్జా? సందు ఫ్యూజ్ వైరు లాంటిది. నేను ఫ్యూజ్ పెట్టాల్సినచోట ఇనప చువ్వ పెట్టాను.

అందుకని చిన్నోడా, నీ వేలికి అంటిన ఇసుక గోడకు జబ్బు కాదు. గోడ దాన్ని వాడుకుంటోంది.

సిమెంటును తిడుతున్నానని అనుకోకండి. సిమెంటు స్లాబు కింద కూర్చునే ఈ ఉత్తరం రాస్తున్నాను. దేనికి పుట్టింది దానికే వాడాలి. అలాగే పాత గోడకు ఇసుక కొట్టి తోమడం కూడా వద్దు, అదీ ఇటుక పైపెచ్చు లేపేస్తుంది, ఇంక దాని గురించి రాస్తే నా బీపీ పెరుగుతుంది.

దుకాణాల ముఖాల కథ వేరే. 1950, 60లలో ఊరి బయట మాల్స్ మొదలయ్యేసరికి సెంటర్‌లోని షాపులవాళ్ళు భయపడి, మేమూ కొత్తవాళ్ళమే అని చూపించుకోవడానికి పాత ఇటుక ముఖాల మీద అల్యూమినియం రేకులు బిగించేశారు. కిటికీలు, కార్నీసులు (గోడ పైఅంచున బయటికి పొడుచుకొచ్చే పట్టీలు), పైన చెక్కిన సంవత్సరం, అన్నీ రేకు వెనక్కి పోయాయి. లోపల ఏసీ పెట్టి, పధ్నాలుగు అడుగుల ఎత్తున్న సీలింగును తొమ్మిది అడుగులకు దించేశారు. ఆ ఎత్తంతా ఊరికే ఉంచింది కాదు. తలుపు పైనున్న చిన్న అద్దాల కిటికీలు తెరిస్తే వేడిగాలి పైకెక్కి బయటికి పోయేది, జార్జియా ఆగస్టులో ఆ అమరికే ఏసీ. నేను చూసినవాటిలో నాకు బాగా నచ్చే పని ఈ రేకులు విప్పడం. బోల్టులు ఒక్కొక్కటీ తీసి మొదటి రేకు కిందికి దించుతుంటే రోడ్డు మీద పోయేవాళ్ళంతా ఆగి చూస్తారు. ఒకచోట రేకు వెనక పక్షిగూళ్ళు, వాటి వెనక రంగు కూడా చెదరని కిటికీ చట్రాలు! కప్పినవాడు తెలియకుండానే కాపాడాడు. ఇంకోచోట రేకు సరిగ్గా కూర్చోవడం కోసం కార్నీసునే కోసి పారేశారు. తెనాలివాళ్ళూ, బజారుకు వెళ్ళినప్పుడు షాపుల ముందు కొట్టిన ఏసీపీ (అల్యూమినియం) షీట్ల పైకి, పక్కలకి తొంగి చూడండి. గారపువ్వులు, మెహరాబు కిటికీలు ఇంకా కనిపిస్తాయేమో చెప్పండి.

మనం కారు పెట్టిన చోటు సంగతి చెప్పలేదు కదూ. సవానాను ఓగల్‌థార్ప్ చదరపు ఖాళీ స్థలాల చుట్టూ కట్టాడు, మొత్తం 24 అయ్యాయి, ఇప్పుడు 22 ఉన్నాయి. అందులో ఎల్లిస్ స్క్వేర్‌లో తరాల నుంచి కూరగాయలు, చేపలు అమ్మే సిటీ మార్కెట్ ఉండేది. 1954లో దాన్ని కూల్చి కార్ల కోసం పార్కింగ్ గ్యారేజీ కట్టారు. ఊరు ఉలిక్కిపడింది దానికే. మరుసటి ఏడాది 1820 నాటి డావెన్‌పోర్ట్ ఇంటిని కూడా పార్కింగ్ కోసం పడగొడతారని తెలిసి, ఏడుగురు ఆడవాళ్ళు చందాలు పోగుచేసి 22,500 డాలర్లకు ఆ ఇల్లు కొనేశారు. హిస్టారిక్ సవానా ఫౌండేషన్ అలా పుట్టింది. తర్వాత వాళ్ళు ఇళ్ళు కొనడం, కూల్చకూడదన్న షరతు దస్తావేజులో రాయించి అమ్మడం, ఆ డబ్బుతో ఇంకో ఇల్లు కొనడం మొదలుపెట్టారు. చిట్టీ పాట తిప్పినట్టు డబ్బు తిప్పారు. ఇక ఆ గ్యారేజీకి యాభై ఏళ్ళ లీజు ముగిసే రోజు దగ్గరపడ్డాక దాన్నీ పడగొట్టి, కార్లను భూమి కిందికి పంపి, పైన 2010లో మళ్ళీ స్క్వేర్ తెరిచారు. మీరు ఫౌంటెన్‌లో తడిసింది అక్కడే, మీ అమ్మ కంగారుపడ్డ పార్కింగ్ దాని కిందే. మార్కెట్ మాత్రం తిరిగి రాలేదు.

ఇంకో విషయం, పెద్దపిల్లకు ఇది ముఖ్యంగా. సవానా గ్రే అనే ఆ పెద్ద ఇటుకలు ఇప్పుడు చాలా ఖరీదు. వాటిని చేసింది నది ఒడ్డున హెర్మిటేజ్ తోటలో బానిసలుగా ఉన్న మనుషులు. సవానా, చార్ల్‌స్టన్‌లలో కొన్ని ఇటుకల మీద వేళ్ళ గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి, పచ్చిగా ఉండగా అచ్చులోంచి తీస్తూ పట్టుకున్నప్పుడు పడ్డవి. కొన్ని పిల్లల వేళ్ళంత సన్నగా ఉంటాయి. రిపేరులో అలాంటి ఇటుక వస్తే గుర్తులున్న ముఖం లోపలికి తిప్పి పెట్టకండి అని నేను మేస్త్రీలకు చెప్పేవాణ్ణి, డ్రాయింగులో దానికి గుర్తు లేదు, నోటిమాటే. అలబామాలో బర్మింగ్‌హామ్ ఊళ్ళో లిరిక్ అనే థియేటర్ ఉంది, 1914లో తెరిచారు, చాలా ఏళ్ళు మూతపడి 2016లో మళ్ళీ తెరుచుకుంది. నల్లవాళ్ళు పక్క తలుపు నుంచి మెట్లెక్కి బాల్కనీలోకి పోవాలి అప్పట్లో. ఆ తలుపును ఏం చేయాలి? మూసేసి ప్లాస్టరు చేస్తే చూడ్డానికి బాగుంటుంది. థియేటర్ బాగుచేసినవాళ్ళు అలా చేయలేదు, తలుపు ఉంచి, అది దేనికి వాడారో అద్దం మీద రాసి పెట్టారు. మా ఆఫీసులో దీనిమీద పెద్ద వాదన జరిగింది. నేను ఉంచాలనే పక్షం. మూసేస్తే ఆ బాల్కనీ ఎందుకంత ఎత్తున, ఆ మెట్లు ఎందుకంత విడిగా ఉన్నాయో వచ్చే తరానికి అర్థమే కాదు.

తమకోసం తామే కట్టుకున్నవాళ్ళ కథలు కూడా ఉన్నాయి లెండి. రాబర్ట్ టేలర్ అని, ఎంఐటీలో 1892లో ఆర్కిటెక్చర్ పూర్తిచేసిన నల్లజాతి ఆయన, అలబామాలోని టస్కీగీకి వెళ్ళి కాలేజీ బిల్డింగులు గీశాడు. ఇటుకలు విద్యార్థులే చేశారు, కాల్చారు, గోడలూ వాళ్ళే లేపారు. చాలావరకు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. వేసవిలో తీసుకెళ్తాను, అట్లాంటా నుంచి రెండుగంటల దారి.

పాతవాటి మధ్య ఖాళీలో కొత్తది కట్టాల్సి వస్తే ఎలా అని పెద్దపిల్ల ఈమధ్య ఫోన్‌లో అడిగింది. ఇక్కడి పద్ధతి ఏమిటంటే కొత్తది పాతవాటితో కలవాలి, కానీ తానూ పాతదాన్నేనని నమ్మించకూడదు. పక్క షాపుల కార్నీసు ఎత్తు, కిటికీల వరస, గోడ రోడ్డుకు ఎంత దగ్గరగా ఉందో చూసి ఆ లెక్క పాటిస్తే చాలు. దొంగ పాత ఇటుక, ప్లాస్టిక్ స్తంభాలు అక్కర్లేదు. డబ్బెక్కడిది అంటావా, ఆదాయం వచ్చే పాత బిల్డింగును పద్ధతి ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం పన్నులో మినహాయిస్తుంది ఇక్కడి కేంద్ర ప్రభుత్వం. అది లేకపోతే నాకు సగం పనులు ఉండేవే కావు.

ఆ మూలమీద దుకాణం ఏమైందని అడుగుతారు మీరు. మేస్త్రి ఉలితో, చేత్తో, నా సిమెంటు మొత్తం తీశాడు, రెండు నెలలు పట్టింది. ఊడిన ఇటుకల్లో కుదిరినవాటిని వెనక్కి తిప్పి పెట్టాడు, కుదరనివాటికి పడగొట్టిన షెడ్డు నుంచి పాతవి తెచ్చాడు. సున్నం మాలు కూరాక గోనెపట్టాలు తడిపి కప్పి వారంపాటు ఎండ తగలనివ్వలేదు. సాయంత్రాలు ఆఫీసు అయ్యాక వెళ్ళి పట్టాలు తడిపింది నేనే.

గ్యారేజీలో వాషింగ్ మెషీన్ పక్కన ఒక తెల్ల బకెట్ ఉంది, అందులో నీళ్ళ కింద సున్నం ఏడాదిగా నానుతోంది. జూన్‌లో మీరొచ్చాక పెరటి గోడ సందులు మనమే కూరదాం. కళ్ళద్దాలు, గ్లోవ్స్ కొని పెట్టాను. నేను వచ్చేదాకా మూత మాత్రం తీయకండి, కంట్లో పడితే ఆటలు కాదు.

మీ తాతయ్య