మందు ‘పడటం’ అంటే

పోయిన నెల ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు. వయసు 36, హైదరాబాద్‌లో ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ముందు కొడుక్కి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతిచురుకు) అని తేలిందట. డాక్టరుగారు వాడి గురించి ఒక్కో ప్రశ్నే అడుగుతుంటే పక్కన కూచున్న ఈవిడకి ‘ఇవన్నీ నావే కదా’ అని గుండె జారిందట. కరెంటు బిల్లు డబ్బులు లేక కాదు, కట్టడం గుర్తులేక ఆగిపోతుంది. స్టవ్ ముందే నిలబడి ఉన్నా పాలు పొంగిపోతాయి, అదీ ఫోన్ చూస్తూ కాదు, ఊరికే నిలబడే. ఆవిడకీ అదేనని తేలి మందులు మొదలయ్యాయి, ఏడాదిలో మూడు మారాయి. ఇప్పుడు నన్ను అడిగినవి మూడు ప్రశ్నలు. ఇన్నిట్లో అసలు మంచి మందు ఏది? రెండోది, ‘చెప్పడానికి సిగ్గుగా ఉందండీ, మింగిన మాత్ర మర్నాడు దొడ్డికి వెళ్తే చెక్కుచెదరకుండా అలాగే కనపడింది, అంటే పనిచెయ్యలేదనేనా?’ మూడోది, ఇది జీవితాంతం మింగాల్సిందేనా?

రెండో ప్రశ్న చూడగానే నాకు హుషారు వచ్చేసింది, ఎందుకో తర్వాత చెప్తాను.

ఏడీహెచ్‌డీ అంటే ఏమిటి, లక్షణాలేమిటి అనేవి ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతున్నాయి కాబట్టి వదిలేస్తున్నా. ఒక్కటే గుర్తుపెట్టుకోండి. ఇది 30 దాటాక కొత్తగా వచ్చే జబ్బు కాదు, 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ప్రకారం 12 ఏళ్ళలోపే ఆనవాళ్ళు ఉండాలి. ఈవిడని చిన్నప్పుడు వసపిట్ట అనేవాళ్ళట, పసితనంలో అమ్మమ్మ వస ఎక్కువ అరగదీసి నాకించిందని ఆ తప్పంతా పాపం ఆ అమ్మమ్మ మీద పడిందట! ప్రోగ్రెస్ కార్డు మీద ఏటా ఒకటే మాట, ‘తెలివైనదే కానీ శ్రద్ధ లేదు’. నేనూ పాతికేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణే. ఆ వాక్యం ఎంతమంది కార్డుల మీద గిలికానో తల్చుకుంటే ఇప్పుడు ఇబ్బందిగా ఉంటుంది.

మొదటి ప్రశ్నకి పుస్తకం చెప్పే జవాబు చిన్నది. 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఈ జబ్బు మందుల మీద జరిగిన 133 ప్రయోగాలను కలిపి తూచిన పెద్ద విశ్లేషణ వచ్చింది. పిల్లలకి మిథైల్‌ఫెనిడేట్, పెద్దవాళ్ళకి యాంఫెటమైన్ రకాలు ముందు వరసలో నిలిచాయి. అటొమాక్సెటిన్ వాటికన్నా కాస్త మెత్తగా పనిచేస్తుందని తేలింది. యాంఫెటమైన్ రకాలు మన దేశంలో ఈ జబ్బుకి మామూలుగా దొరకవు, కాబట్టి మన డాక్టర్ల చేతిలో ప్రధానంగా మిగిలేవి రెండు, మిథైల్‌ఫెనిడేట్, అటొమాక్సెటిన్. బుప్రోపియాన్ లాంటివి వీటి వెనక వస్తాయి.

కానీ ఇదంతా సగటు లెక్క. మనవాళ్ళు ‘మందు మంచిది’ అనరు, ‘నాకు పడింది’, ‘నాకు పడలేదు’ అంటారు. ఫార్మకాలజీ పుస్తకాలన్నీ కలిపి చెప్పేదానికన్నా ఆ ఒక్క మాటలో ఎక్కువ సైన్సు ఉందని నా నమ్మకం. పడటం అంటే లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు తెలిసిన మంచి దారి వరిమడి. కాసేపు ఓపిక పట్టండి, నీళ్ళలోకి దిగుతున్నాం.

రెండు నాడీకణాల మధ్య ఉండే సన్నటి ఖాళీని ఒక మడి అనుకోండి. శ్రద్ధ నిలవడానికి మెదడుకి కావలసిన డోపమైన్ అనే రసాయనం అందులోకి వచ్చే నీరు. ఒక పక్క బోదెలోంచి నీరు వస్తుంది, ఇంకో పక్క గట్టుకి ఉన్న మడవలోంచి పోతూ ఉంటుంది. ఈ పోయే మడవ పేరు డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్. (నిజానికి పోయిన నీరు వృథా కాదు, కణం మళ్ళీ లోపలికి లాక్కుని దాచుకుంటుంది.) మిథైల్‌ఫెనిడేట్ ముఖ్యంగా చేసే పని ఇదీ, పార తీసుకుని ఆ మడవకి మట్టి అడ్డం వేస్తుంది. వచ్చే నీరు వచ్చినట్టే వస్తుంది, పోయేది తగ్గుతుంది, మడిలో నీరు నిలుస్తుంది. యాంఫెటమైన్ ఇంకో అడుగు ముందుకేసి, పోయే దారినే ఎదురెక్కించి దాచిన నీటిని కూడా మడిలోకి తోడిస్తుంది.

మట్టి ఎంత వెయ్యాలి? ఇక్కడే మజా. న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్‌లో నోరా వోల్కో బృందం ఆరోగ్యవంతులకి మిథైల్‌ఫెనిడేట్ మింగించి, రెండు గంటల తర్వాత మెదడుని పెట్ స్కాన్‌లో చూసి, ఎన్ని మడవలు మూసుకున్నాయో లెక్కపెట్టింది, 1998లో. 5 మిల్లీగ్రాములకి 12 శాతం. 10కి 40. 20కి 54. 40కి 72. 60కి 74. చివరి రెండు అంకెలూ మళ్ళీ చూడండి. మందు ఒకటిన్నర రెట్లు పెంచితే అదనంగా మూసుకున్నది 2 శాతం. మడవ చాలావరకు పూడ్చాక ఇంకా బుట్టల కొద్దీ మట్టి పోస్తే ఒరిగేది తక్కువ, కానీ గుండె దడ, ఆకలి చావడం, నిద్ర పట్టకపోవడం మాత్రం డోసు పెరిగేకొద్దీ ఎక్కువవుతాయి. ‘డోసు పెంచితే పోలా’ అనే తొందరకి ఈ అంకెలే విరుగుడు.

పైగా నీరు ఎక్కువైనా పైరు పాడే. కొత్తగా నాటిన మడిలో అంగుళం, రెండంగుళాల నీరు ముద్దు, మొక్క మునిగితే కుళ్ళు. నుదుటి వెనకుండి శ్రద్ధని నడిపే మెదడు భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, సరిగ్గా అంతే, ఏమీ లేకపోయినా పనిచెయ్యదు, ఎక్కువైనా పనిచెయ్యదు. ఈవిడ రెండో మందు మీద ‘బొమ్మలా అయిపోయానండీ, పాలు పొంగలేదు కానీ ఎవరైనా జోకు వేసినా నవ్వు రాలేదు’ అని రాశారు. అది మడి మునిగిన వర్ణన అయ్యుండొచ్చు. మందు పడలేదో, డోసు పడలేదో తేల్చకుండా దాన్ని పక్కన పెట్టేస్తే పనికొచ్చే మందే చేజారొచ్చు.

ఇక అటొమాక్సెటిన్. ఇది డోపమైన్ మడవ జోలికే పోదు, నోరెపినెఫ్రిన్ అనే వేరే రసాయనం మడవని మూస్తుంది. మరి డోపమైన్ ఎలా పెరుగుతుంది? ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మడికి సొంత మురుగు దారి దాదాపు లేదు, అక్కడ డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్లు చాలా తక్కువ. అక్కడి డోపమైన్ పక్కచేనివాడి మడవలోంచి, అంటే నోరెపినెఫ్రిన్ దారిలోంచి, సర్దుకుని పోతుంది. పక్కవాడి మడవ మూశారా, ఈ మడిలో రెండు నీళ్ళూ నిలుస్తాయి. 2002లో ఎలుకల మెదళ్ళలో కొలిస్తే ఈ మందుతో ముందు భాగంలో రెండూ మూడు రెట్లయ్యాయి, సంతోషాన్నీ అలవాట్లనీ నడిపే న్యూక్లియస్ అకంబెన్స్‌లో మాత్రం డోపమైన్ కదల్లేదు, ఎందుకంటే అక్కడి మడికి సొంత మడవ ఉంది. అందుకే ఈ మందుతో ‘కిక్కు’ ఉండదు, వ్యసనం భయం లేదు. నాకు మొత్తం ఫార్మకాలజీలో ఇంత అందంగా అనిపించే లెక్క ఇంకోటి లేదు.

కాకపోతే ఇది మింగిన రోజే కనపడే మందు కాదు, పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది. ఈవిడ పన్నెండు రోజులు వాడి, కడుపులో తిప్పుతోందని, మార్పేమీ లేదని ఆపేశారు. ఇందులో ఇంకో మెలిక, దీన్ని శరీరం నుంచి పంపించేది ముఖ్యంగా కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైము. మామూలు వాళ్ళలో మందు సగానికి తగ్గడానికి 5 గంటలు పడితే, పుట్టుకతోనే ఆ ఎంజైము పనిచెయ్యని కొద్దిమందిలో 20 గంటలు దాటుతుంది. అదే మాత్ర ఒకరికి చినుకు, ఇంకొకరికి వరద. డిప్రెషన్‌కి వాడే ఫ్లూయాక్సెటిన్, పారాక్సెటిన్ ఆ ఎంజైముని అడ్డుకుంటాయి, అంటే మంచి ఎంజైముతో పుట్టినవాళ్ళు కూడా ఆ మాత్రలు వేసుకుంటే రెండో గుంపులోకి వెళ్ళిపోతారు. కాబట్టి వాడుతున్న ప్రతి మాత్రా డాక్టరుకి చెప్పాలి, మొహమాటం వద్దు.

ఇప్పుడు ఆవిడ సిగ్గుపడిన ప్రశ్నకి వద్దాం.

మామూలు మిథైల్‌ఫెనిడేట్ మాత్ర మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది, అంటే రోజుకి రెండు మూడు సార్లు గుర్తుపెట్టుకుని వేసుకోవాలి. మతిమరుపు మనిషికి ఇచ్చే మందుకి మతి కావాలి! సరే, రోజంతా ఒకే స్థాయిలో ఉండేలా సన్నటి ధారలా ఇస్తే పోతుంది కదా అనుకున్నారు. 1990ల చివర్లో కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో జేమ్స్ స్వాన్సన్ బృందం పిల్లలకి అలా ఇచ్చి చూసింది. రక్తంలో మందు ఉంది, కానీ మధ్యాహ్నానికి ప్రభావం జారిపోయింది. ఒక్క పూటలోనే మెదడు ఆ స్థాయికి అలవాటు పడిపోతోందన్నమాట. పొలం భాషలో చెప్పాలంటే పొద్దెక్కేకొద్దీ నేల ఎక్కువ తాగుతుంది, తూము పొద్దున్న ఎత్తిన ఎత్తులోనే ఉంచితే మధ్యాహ్నానికి మడి ఎండుతుంది. (మెదడుకి ఎండతో పనిలేదు, పోలిక ఇక్కడ కాస్త కుంటుతుంది.) గంటగంటకీ తూము ఇంకాస్త ఎత్తాలి. కడుపులో కూచుని ఎవరు ఎత్తుతారు?

మాత్రే ఎత్తుకుంటుంది. ఈవిడ వాడుతున్నది అలాంటిదే. 2000లో అమెరికాలో అనుమతి పొందిన కాన్‌సెర్టా, అంటే మిథైల్‌ఫెనిడేట్‌నే మెల్లగా వదిలే మాత్ర, చూడ్డానికి చిన్న స్తంభంలా ఉంటుంది. పై పూతలో మొత్తం మందులో 22 శాతం ఉంటుంది, అది గంటలోపే కరిగి పని మొదలుపెడుతుంది. దాని కింద గట్టి పెంకు. అది నీటిని లోపలికి రానిస్తుంది, మందుని బయటికి పోనివ్వదు, ఒక కొసన లేజర్‌తో పొడిచిన బెజ్జం తప్ప వేరే దారి లేదు. పెంకు లోపల మూడు పొరలు. బెజ్జం దగ్గర పల్చటి మందు, దాని వెనక చిక్కటి మందు, అడుగున మందే లేని ఒక పాలిమర్. పేగుల్లోని నీరు లోపలికి ఊరేకొద్దీ ఆ పాలిమర్ నానబెట్టిన సెనగల్లా ఉబ్బి, పై రెండు పొరల్నీ బెజ్జంలోంచి నెడుతుంది, మన జంతికల గొట్టంలో పిండి నెట్టినట్టు. ముందు పల్చనిది, తర్వాత చిక్కనిది, అంటే మధ్యాహ్నానికి మందు తనంతట తనే పెరుగుతుంది. పిండి అయిపోయాక గొట్టం మిగిలినట్టు ఖాళీ పెంకు మిగులుతుంది, అదే బయటికి వస్తుంది. అమ్మా, మీరు చూసింది ఖాళీ గొట్టం. మాత్ర శుభ్రంగా పనిచేసింది. నమిలినా, విరిచినా మాత్రం ఈ ఏర్పాటంతా గల్లంతు.

ఇది అర్థమైతే ఆవిడ ఉత్తరంలో ఇంకో వాక్యానికి కూడా దారి దొరుకుతుంది. ‘మందు వేసుకున్న రోజు సాయంత్రాలు పిల్లాడి మీద అరుస్తున్నాను, డోసు ఎక్కువైందేమో’ అన్నారు. ఎన్నింటికి అని అడిగాను. మూడు రోజులు చూసి రాశారు: 6:40, 7:00, 6:30. మాత్ర పొద్దున 7:30కి. ఈ మాత్ర 10 నుంచి 12 గంటలు పనిచేస్తుంది, అంటే చిరాకు వస్తున్నది మందు పైకెక్కినప్పుడు కాదు, దిగిపోతున్నప్పుడు. అదే చిరాకు మధ్యాహ్నం రెండింటికి వచ్చుంటే నీరు ఎక్కువైందని డోసు తగ్గించేవాళ్ళు. ఏడింటికి వచ్చిందంటే తూము ఒక్కసారిగా పడిపోతోందని, డాక్టరు చిన్న డోసు ఇంకోటి మధ్యాహ్నం చేర్చడమో, వేసుకునే వేళ జరపడమో ఆలోచిస్తారు. లక్షణం ఒకటే, విరుగుడు పూర్తిగా తిరగబడింది, తేడా గడియారం చెప్పింది. ‘బాగోలేదు డాక్టర్’ అని చెప్తే ఈ తేడా ఆయనకి దివ్యదృష్టి ఉంటే తప్ప తెలీదు.

దివ్యదృష్టి అంటే గుర్తొచ్చింది, మనకి హస్తవాసి మీద గురి ఎక్కువ. ఫలానా డాక్టరు చెయ్యి మంచిదని మూడు బస్సులు మారి వెళ్తాం. నేను కొట్టిపారెయ్యను, నమ్మకంతో కొంత ఫలితం వస్తుంది. కానీ ఈ జబ్బులో హస్తవాసి ఉన్న డాక్టరంటే నా లెక్కలో తక్కువ డోసుతో మొదలుపెట్టి, బీపీ, నాడి చూసి, వారం వారం అడిగి కొంచెం కొంచెం పెంచేవాడు. ఏ మందు పడుతుందో ముందే చెప్పే రక్తపరీక్ష గానీ స్కాను గానీ ఈరోజుకీ లేదు. అంతెందుకు, ఈ చికిత్స మొదలైందే పక్కనున్నవాళ్ళు గమనించడంతో. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు, వెన్నులోంచి నీరు తీసే పరీక్ష తర్వాత పిల్లలకి వచ్చే తలనొప్పి తగ్గుతుందని బెంజెడ్రిన్ అనే యాంఫెటమైన్ మందు ఇచ్చాడు. తలనొప్పి తగ్గలేదు, కానీ వాళ్ళు బళ్ళో లెక్కలు చకచకా చెయ్యడం మొదలుపెట్టారని టీచర్లు చెప్పారు. పిల్లలు వాటికి లెక్కల మాత్రలని పేరు కూడా పెట్టుకున్నారు! మిథైల్‌ఫెనిడేట్‌కి బజారులో ఉన్న రిటాలిన్ అనే పేరేమో 1944లో దాన్ని తయారుచేసిన పానిజోన్ గారి భార్య రీటాది, ఆవిడ టెన్నిస్ ఆడేముందు వేసుకునేవారట.

ఇంట్లో ఇప్పుడు ఆ టీచర్ల పని మీవాళ్ళు చెయ్యాలి, మీరు కూడా. యాభై లక్షణాలు అక్కర్లేదు, మీకు ప్రాణం మీదకి తెస్తున్నవి రెండు మూడు చాలు. పాలు, బిల్లు, అరుపు. వాటి పక్కన టైము. ఇంకో టెన్షన్, మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందకి వస్తుంది కాబట్టి చాలా మందుల షాపుల్లో ఉంచరు. చీటీ చూపిస్తే కొందరు మనల్ని దొంగల్ని చూసినట్టు చూస్తారు. ఆఖరి మాత్ర దాకా ఆగకుండా వారం ముందే చూసుకోండి.

జీవితాంతమా అన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కనీసం ఏడాదికోసారి ఇంకా అవసరమా అని తిరిగి చూడమంటాయి. డాక్టరుకి చెప్పి, ఆఫీసులో ఒత్తిడి లేని వారం ఎంచుకుని ఆపి చూడొచ్చు. ఆ వారం పాల గిన్నె దగ్గర అత్తగారిని కాపలా పెట్టకండి, మీరే నిలబడి ఏడు రోజుల్లో ఎన్నిసార్లు పొంగాయో రాసి నాకు పంపండి.