వేట ఆగిన 61 రోజులు: బోటు గురించి కాసిమేడులో వినే అపోహలు, అసలు సంగతులు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్. చెన్నైలోని కాసిమేడు హార్బరులో మా మెకానిక్కులకు మాత్రం ఊపిరి సలపని కాలం ఇదే. నెల్లూరు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి బోట్లలో పనిచేసే మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల నోట ఏటా కొన్ని మాటలు వింటూనే ఉంటాను. వాటి కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: "జూన్ మొదటి వారంలో చూసుకుందాంలే."

అన్నా, సముద్రంలో తిరిగేటప్పటి కంటే ఊరికే నిలబడినప్పుడే బోటు ఎక్కువ పాడవుతుంది. వాడిన ఇంజన్ ఆయిల్లో తేమ ఉంటుంది, డీజిల్ కాలినప్పుడు పుట్టిన ఆమ్లాలూ ఉంటాయి. దాన్ని రెండు నెలలు అలాగే వదిలేస్తే లోపల బేరింగులను తినేస్తుంది. ఆయిల్, ఫిల్టరు మార్చాల్సింది వేట ఆగిన రోజున. ఇంజన్ వేడిగా ఉండగానే పాత ఆయిల్ దించి, కొత్తది పోసి, కొన్ని నిమిషాలు నడిపి ఆపాలి. ఉప్పునీటి పంపు ఉంటే మంచినీళ్లతో కడిగి, అందులో నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్) తీసి పక్కన పెట్టండి. కదలకుండా ఉంటే దాని రెక్కలు వంగినచోటే బిగుసుకుపోతాయి.

అపోహ: "కూలెంట్ చలిదేశాల వాళ్లకు. మద్రాసు ఎండకు నీళ్లు చాలు."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. చలిదేశాల వాళ్లు వసంతంలో బోటు దించే వీడియోలు మన కుర్రాళ్లు ఫోన్లో చూస్తారు. అక్కడ నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బి ఇంజన్ బ్లాకునే పగలగొడతాయి, అందుకే యాంటీఫ్రీజ్ పోస్తారు. మనకు ఆ భయం లేదు, నిజమే. కానీ కూలెంట్ చేసే పని అదొక్కటే కాదు. ఇంజన్ నడిచేటప్పుడు లైనర్, అంటే లోపల పిస్టన్ ఆడే ఇనుప గొట్టం, సన్నగా అదురుతుంది. దాని బయటివైపు నీళ్లలో చిన్న చిన్న బుడగలు పుట్టి పగులుతుంటాయి. పగిలిన ప్రతిసారీ ఇనుమును కాస్త గిల్లుతాయి. కూలెంట్‌లోని మందులు లైనర్ మీద పల్చని పొరగా ఏర్పడి ఆ దెబ్బను కాస్తాయి, తుప్పునూ ఆపుతాయి. బోరు నీళ్లు పోస్తే ఈ కాపలా ఉండదు, పైగా సున్నం పేరుకుంటుంది. ఒక బోటులో నీళ్లు కలిసి ఆయిల్ తెల్లగా మారితే ఓనరు హెడ్ గ్యాస్కెట్ పోయిందనుకుని రెండుసార్లు మార్పించాడు. నేను లైనర్ బయటికి లాగి చూస్తే సూదితో పొడిచినట్టు బెజ్జాలు! కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి.

అపోహ: "షాఫ్ట్ గ్లాండ్ దగ్గర ఒక్క చుక్క కూడా కారకూడదు."

ప్రొపెల్లర్ షాఫ్ట్ బోటు బయటికి వెళ్లే చోట నీళ్లు లోపలికి రాకుండా ఆపేదే గ్లాండు. నూలు ప్యాకింగ్ ఉన్న గ్లాండుకు ఆ చుక్కలే ప్రాణం. షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడితేనే ప్యాకింగ్ చల్లగా ఉంటుంది. ఆ నాలుగు చుక్కలు కూడా ఆపాలని బిగిస్తే ప్యాకింగ్ మాడి, షాఫ్ట్ మీద గాడి పడుతుంది. గాడి పడ్డాక ఎన్ని కొత్త ప్యాకింగులు వేసినా లీకు ఆగదు. నడిపి, గ్లాండు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత కాలిందంటే బిగువు ఎక్కువైనట్టే.

అపోహ: "జింకు ముక్కకు కూడా రంగు వేస్తే ఎక్కువ కాలం వస్తుంది."

రంగు వేసిన జింకు పనిచేయదు. తాను కరిగిపోయి ప్రొపెల్లర్‌ను, షాఫ్ట్‌ను కాపాడటమే దాని పని. సగం కరిగిందంటే మార్చేయండి. అలాగని చెక్క బోటుకు అవసరానికి మించి జింకు బిగించినా ప్రమాదమే, బోల్టుల చుట్టూ చెక్క మెత్తబడిపోతుంది.

అపోహ: "ట్యాంకు ఖాళీగా ఉంటే డీజిల్ పాడయ్యే బాధే ఉండదు."

ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది. మన సముద్రపు గాలిలోని తేమ రాత్రిపూట ట్యాంకు గోడలకు చెమటలా పట్టి అడుగుకు జారుతుంది. ఆ నీళ్లలో పెరిగే నల్లటి జిగురే తర్వాత ఫిల్టర్లను మూసేస్తుంది. కాస్త ఖాళీ వదిలి నింపి పెట్టండి. బయల్దేరే ముందు అడుగు కుళాయి తిప్పి నీళ్లు తీసేయండి.

అపోహ: "దించగానే నీళ్లు ఊరితే వడ్రంగి పని చెడగొట్టినట్టే."

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో ఒడ్డుమీద ఉన్న చెక్క బోటు పలకలు కుంచించుకుపోకుండా ఎలా ఉంటాయి? సందులు పెద్దవిగా కనిపిస్తున్నాయని నూలు మరీ గట్టిగా కూరిస్తే, నీళ్లలో చెక్క ఉబ్బినప్పుడు చోటు చాలక పలకల మేకులే లాగేస్తాయి. వీలైతే పలకలకు నీడ కట్టి, గోనెసంచులు తడిపి కప్పండి. నీళ్లలోకి దించాక ఒకటి రెండు రోజులు ఊట ఉండి, తగ్గుతూ వస్తుంది. తగ్గకపోతేనే వడ్రంగిని పిలవండి. ఆ మొదటి రాత్రి మాత్రం బ్యాటరీ నిండా ఛార్జి పెట్టి, పంపు నడిపించి చూసుకుని, ఒక మనిషిని బోటులోనే పడుకోబెట్టండి.