సి సెంటర్ హాలు ఎక్కడ దెబ్బతింది?

సినిమా ఆడించినందుకు హాలుకు ఇంత అని అద్దె ఇవ్వాలా, టికెట్ వసూళ్లలో పర్సంటేజీ ఇవ్వాలా అన్న థియేటర్ల గొడవ 2025లో మళ్లీ రాజుకుంది. ఆ ఏడాది మేలో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నారు, తర్వాత వెనక్కి తగ్గారు, సినిమావాళ్ల సంఘమైన ఫిల్మ్ ఛాంబర్ కమిటీ వేసింది. విజయవాడలో 1921 నాటి మారుతీ టాకీస్ దగ్గర మొదలుపెట్టి ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అదంతా వదిలేస్తున్నాను. చిన్న ఊళ్లో హాలు గోడౌనుగానో ఫంక్షన్ హాలుగానో ఎందుకు మారిందో తెలియాలంటే ఊళ్లకు ఫిలిం రీళ్ల పెట్టెలు రావడం ఆగిపోయిన రోజులు చూడాలి.

ఫిలిం ప్రింట్లు ఉన్నన్నాళ్లూ సినిమా ముందు పెద్ద నగరాల ‘ఏ’ సెంటర్లో, అక్కడ ఆడేశాక పట్టణాల ‘బి’ లో, ఆ తర్వాతే చిన్న ఊళ్ల ‘సి’ లో పడేది. ప్రింట్లు తక్కువ, హాళ్లు ఎక్కువ, మన ఊరికి బొమ్మ వచ్చేసరికి నెలలు గడిచిపోయి అది హిట్టో ఫట్టో తేలిపోయేది. రేకుల హాలు ఓనరు కూడా జనం మెచ్చిన బొమ్మే తెచ్చుకుని, నేల టికెట్ డబ్బులతోనే నెట్టుకొచ్చాడు. 2005 తర్వాత సినిమాను డిజిటల్‌గా హాళ్లకు పంపే క్యూబ్, యూఎఫ్ఓ వచ్చాయి. ఇక పెట్టె కోసం ఎదురుచూపు లేదు, ఊరూరా ఒకే రోజు రిలీజ్. ప్రేక్షకుడికి మంచిదే, కాదనను. కానీ ఒకప్పుడు ‘ఏ’ సెంటర్లో వంద రోజులు ఆడి సి సెంటర్‌కి దిగే సినిమా ఇప్పుడు రెండు మూడు వారాల్లో అన్నిచోట్లా ఒకేసారి అయిపోతోంది, ఆ మొదటి వారం డబ్బు ఎవరికి వెళ్తుందన్నదే హాలుకు చావుబతుకుల సమస్య అయింది.

ఎగ్జిబిటర్లు చెప్పేది ఇదే: హాలు నిండే మొదటి వారం డిస్ట్రిబ్యూటర్లు అద్దె చేతిలో పెడతారు, జనం పల్చబడ్డాక పర్సంటేజీ అంటారు. మల్టీప్లెక్సుకు మాత్రం మొదటి ఆట నుంచీ వాటా. పదిమంది కూర్చున్నా కరెంటు బిల్లు, జీతాలు తప్పవు. దీనికి తోడు 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 35, పంచాయతీల్లోని నాన్ ఏసీ హాళ్లలో కింది తరగతి టికెట్‌ను 5 రూపాయలకు దించింది. 2022 మార్చిలో రేట్లు మార్చేలోపే కొన్ని హాళ్లకు తాళాలు పడ్డాయి. తెలంగాణలో 2024 మేలో జనం రాక సింగిల్ స్క్రీన్లు పది రోజులు ఆటలే ఆపేశాయి.

ఖర్చులు పెరిగాయి, మొదటి వారమే మాకు ఆధారం అంటారు నిర్మాతలు. నిజమే. అయితే ఆ మొదటి వారం హాలుకూ అంతే ఆధారం, అందుకే సి సెంటర్లకైనా తొలి ఆట నుంచి వాటా ఇవ్వాలి.