శాలువా సరే, ఎస్‌ఆర్ సంగతేంటి? రిటైర్మెంట్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

పెన్షన్ ఫైళ్లు చూసే సీటులో చాలా కాలంగా ఉన్నాను. నెలాఖరు వచ్చిందంటే ఏదో ఒక ఆఫీసులో వీడ్కోలు సభ తప్పదు. అక్కడ వినిపించే మాటల్లో కొన్ని నిజం కావు, వాటిని నమ్మి నష్టపోయేది ఆ రోజు దండ వేయించుకున్న మనిషే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఘనంగా సన్మానం చేసి పంపితే ఆఫీసు బాధ్యత తీరిపోయినట్టే.

వాస్తవం: సభ చేయండి, ఎవరూ వద్దనరు. ముప్పై ఏళ్లు పంచాయతీల చుట్టూ తిరిగిన మనిషికి భార్యాపిల్లల ముందు ఒక శాలువా, నాలుగు మంచి మాటలు దక్కాల్సిందే. కానీ ఆయన సర్వీసుకి సాక్ష్యం బీరువాలో ఉన్న ఎస్‌ఆర్ (ఉద్యోగ వివరాలన్నీ ఎక్కించే సర్వీసు రిజిస్టరు), మైకులో చెప్పే మాటలు కాదు. అది తెరిస్తే, ఏటా పడాల్సిన సర్వీసు వెరిఫికేషన్ ఎంట్రీ ఎప్పుడో ఒక బదిలీ దగ్గర ఆగిపోయి ఉంటుంది, ఇంక్రిమెంటు రాసి ఉంటుంది గానీ కింద ఆఫీసరు సంతకం ఉండదు, ఇంటిపేరు ఇక్కడ ఒకలా ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది, నామినేషన్‌లో ఎన్నడో పోయిన తల్లి పేరే ఇంకా ఉంటుంది. ఫైలు అభ్యంతరంతో తిరిగొచ్చాక ఆ పాత ఆఫీసుకి వెళ్లి సంతకం కోసం తిరిగేదెవరు? ఆ పెద్దాయనే. మొన్నటిదాకా తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడి టేబుల్ ముందు నిలబడి "బాబూ, నా ఫైలు కదిలిందా" అని అడుగుతుంటే చూడలేం.

నన్నడిగితే సన్మానం ఏర్పాట్లు రెండేళ్ల ముందే మొదలవ్వాలి. ఎస్‌ఆర్ పేజీ పేజీ చూసుకోవాలి, జీపీఎఫ్‌లో (జీతంలోంచి దాచుకునే భవిష్య నిధి) జమ పడని నెలలు పట్టుకోవాలి, ఈఎల్ (ఆర్జిత సెలవుల) ఖాతా సరిచూసుకోవాలి. ఈఎల్‌కి 300 రోజుల వరకే డబ్బు వస్తుంది, ఆ పైన ఎంత మిగిలినా వృథానే.

అపోహ: పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది.

వాస్తవం: కానే కాదు. 1982 డిసెంబర్ 17న నకారా అనే పెన్షనరు వేసిన కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చేసింది, అది చేసిన పనికి వచ్చే హక్కు. పెన్షనర్ల సంఘాలు ఏటా ఆ తేదీనే పెన్షనర్స్ డే జరుపుకునేది ఇందుకే. పెన్షన్ కోసం ఎవరి దగ్గరా చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

అపోహ: ఇన్నేళ్లు సర్కారు పని చేస్తే ఎవరికైనా పెన్షన్ వస్తుంది.

వాస్తవం: మన రాష్ట్ర సర్వీసులో 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లు సాధారణంగా సీపీఎస్ (ఉద్యోగి జీతంలోంచి చందా కట్టే పెన్షన్ పథకం) కిందికి వస్తారు. మూల వేతనం, డీఏ కలిపి 10 శాతం కట్ అవుతుంది, చివర్లో వచ్చేది ఆ నిధి ఎంత పెరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పాత పద్ధతిలో ఉన్నవాళ్లకి 33 ఏళ్ల సర్వీసు లెక్కకొస్తే ఆఖరి జీతంలో సగం. ఇక తెల్లారకముందే చీపురు పట్టే అవుట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికులకి ఇందులో ఏదీ లేదు. ఎన్నేళ్లు ఊడ్చినా వాళ్లు మానేసిన రోజు సభ కూడా పెట్టరు. ఊరికి సేవ అంటే ముందు గుర్తు రావాల్సింది వాళ్లే కదండీ, కనీసం ఒక దండ వేయడానికి జీవో అవసరం లేదు.

అపోహ: రిటైరైపోతే ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

వాస్తవం: 1980 నాటి పెన్షన్ నిబంధనల్లో రూల్ 9 అని ఒకటుంది. అప్పటికే నడుస్తున్న శాఖాపరమైన విచారణ రిటైర్మెంట్‌తో ఆగదు, అది తేలేదాకా గ్రాట్యుటీ (దిగిపోయేటప్పుడు ఒకేసారి ఇచ్చే డబ్బు) చేతికి రాదు. రిటైరయ్యాక కొత్తగా మొదలుపెట్టాలంటే మాత్రం ఆ ఘటన జరిగి నాలుగేళ్లు దాటి ఉండకూడదు. అంటే పాత చెక్ మెజర్‌మెంట్లు (చేసిన పనుల కొలతల తనిఖీలు), అడ్వాన్సులు ఏవైనా సర్దుబాటు కాకుండా ఉంటే సర్వీసులో ఉండగానే తేల్చుకోండి.

అపోహ: రిటైర్మెంట్ 58కే, అదీ పుట్టినరోజు నాడే.

వాస్తవం: 1983లో దాన్ని 55కి తగ్గించిన రోజులు మా సీనియర్లు ఇప్పటికీ చెప్తారు, తర్వాత మళ్లీ 58 అయింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. దిగేది పుట్టిన నెల ఆఖరి రోజున. 1వ తేదీన పుట్టినవాళ్లు మాత్రం ముందు నెల ఆఖరి రోజునే దిగిపోతారు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జులై 1 అని వేసేసిన వాళ్లు మన దగ్గర బోలెడు మంది, అందుకే జూన్ 30 వస్తోందంటే మా సీటులో టెన్షనే. మీ రికార్డులో ఆ తేదీ ఉంటే కాగితాలు కాస్త ముందుగానే పట్టుకురండి.